చివరి కోడ్ ముక్క మీద నీ రాత

అన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. ఈరోజు మన కోవిల్‌పట్టి ఆఫీసులో కోడ్ రాసే ఎడిటర్ మార్చారు. మూడక్షరాలు కొడితే ముప్పై వరుసలు పడేలా నువ్వు నాకోసం కూర్చిన కోడ్ ముక్కల్ని పొద్దుటి నుంచి కొత్తదానిలోకి ఎక్కిస్తున్నాను. మెడ లాగేస్తోంది. తమిళ బడిలో చదివిన మనకు తెలుగు రాయడం ఎక్కడ వచ్చు? ఒక్కోదాని పైనా తమిళ అక్షరాల్లోనే మన ఇంటి తెలుగు రాశావు, ఇప్పుడు నేనిది రాస్తున్నట్టే.

పక్క సీటు సెల్వికి తెలుగు తెలియదు. "అర్థం లేని ఈ రాతలు తీసేయనా అక్కా?" అని తమిళంలో అడిగింది. వద్దని, చివరిది పైకి చదవమన్నాను. తడుముకుంటూ చదివింది.

"చెల్లే, ముందు సేవ్ సెయ్యి. మళ్ల అన్నం తిను. మిగిలింది నేను సూస్తా."

సేవ్ చేశానన్నా. మూడు దాటాక అన్నమూ తిన్నాను. మిగిలింది అలాగే ఉంది.