ఎదురు బెల్లం

ఏమయ్యా,

ఎట్లా ఉన్నావు? నువ్వు పోయి ఏడాది కావస్తోంది. మళ్లీ మాఘమాసం వచ్చింది. నడిచొచ్చే మరాఠీ భక్తుల దిండీ వచ్చింది, సంగమంలో మునిగింది, వెళ్లిపోయింది కూడా. ఆ ముచ్చటంతా నీకు చెబుదామని కూర్చున్నాను.

నీకు చదువు రాదు. ఉన్నన్నాళ్లూ నీకొచ్చిన ప్రతి ఉత్తరం నేనే చదివి వినిపించాను. ఇప్పుడు రాసేదీ నేనే, చదివి వినిపించేదీ నేనే. రాయడం అయ్యాక వాకిట్లో కూర్చుని గట్టిగా చదువుతాను. పక్కింటివాళ్లు ఏమనుకుంటే నాకేం? మా బాపు నన్ను ఐదో తరగతి దాకా బడికి పంపింది ఇందుకే కాబోలు.

ముందు ఇంటి సంగతులు. తెల్లావు ఈనింది, కోడెదూడ. కాలువ నీళ్లు ఈసారి కొస మడి దాకా వచ్చాయి. చెరుకు బండ్లు ఎప్పటిలాగే బోధన్ ఫ్యాక్టరీ దారి పట్టి బారులు తీరాయి. నీ బెల్లం కడాయి కొట్టంలో నువ్వు బోర్లించినట్టే ఉండింది. దాని పక్కనే ఒక కోడి పొదిగి పిల్లల్ని కూడా లేపింది. నువ్వుంటే ఆ కోడిని అక్కడ కూర్చోనిచ్చేవాడివా?

ఇక అసలు సంగతి. మన స్వాగత ఆఫీసు ఈసారి కూడా తెరిచారు. ఆఫీసు అంటే నువ్వు నవ్వేవాడివి... ఒక పక్క గోడ, పైన రేకులు, ఒక బల్ల, నీళ్ల కుండలు. అంతే కదా! అయినా నాందేడ్ అవతలి ఊళ్ల నుంచి తాళాలు కొట్టుకుంటూ, రోజుల తరబడి నడిచి కందకుర్తికి చేరిన జనానికి మొదట కనబడేది అదే. ఇక నడక అయిపోయిందని వాళ్లకు తెలిసేది అక్కడే.

దిండీకి ఇంకా నెల ఉందనగా మాస్టరు సాబు అందరినీ పిలిచాడు. పోస్టు మాస్టరుగా దిగిపోయినా మనిషిలో ఆ కుదురు ఏమీ తగ్గలేదు. నీళ్లు ఎవరు మోయాలి, కాళ్లకు ఆముదం ఎవరు రాయాలి, తప్పిపోయిన వాళ్లను ఎవరు కూర్చోబెట్టాలి, అన్నీ వరసగా చెప్పాడు. ఎదురు బెల్లం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. అందరూ నా వైపు చూసి, మళ్లీ నేల చూశారు. ఈసారికి చక్కెర షర్బతు చేద్దామని ఆయన మెల్లగా అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. నన్ను కష్టపెట్టకూడదనే అన్నాడు.

నాకు మాత్రం ఒళ్లు మండింది.

ఎండన పడి వచ్చిన మనిషి చేతిలో ముందు బెల్లం ముక్క, తర్వాత చెంబెడు నీళ్లు పెట్టడం వాళ్ల దిక్కు మర్యాద. అది చూసి, మన దగ్గర చెరుకుంది, కడాయి ఉంది, మనమే పెడదామన్నది నువ్వు. దానికి ఎదురు బెల్లం అని పేరు పెట్టిందీ నువ్వే. చుట్టుపక్కల చెరుకంతా ఫ్యాక్టరీకే పోతుంది. ఊళ్లో కడాయిలన్నీ ఒక్కొక్కటే మూలకు పడ్డాయి. ఇంత చెరుకు మధ్యలో ఉండి బెల్లం కావాలంటే అంగట్లో కొనుక్కుంటున్నాం. నువ్వు ఒక్కడివే కాలువ పక్క మూల మడి వాళ్ల కోసమని ఉంచావు. ఒక్క ఏడు షర్బతు పోస్తే మళ్లీ ఏడూ షర్బతే అవుతుంది. ఆ మడి కూడా ఫ్యాక్టరీ బండి ఎక్కుతుంది. అది నాకు తెలుసు. షర్బతు కూడా పొయ్యండి, బెల్లం మాత్రం వస్తుంది అన్నాను. ఎవరు చేస్తారని మాస్టరు సాబు అడిగాడు. నేనే అన్నాను.

అన్నానే గానీ... నాకు వచ్చా?

ఇన్నేళ్లలో నన్ను ఆ కడాయి దగ్గరికి ఎప్పుడు రానిచ్చావు గనక? గానుగ దగ్గర ఎడ్లను తోలాను. రసం మోశాను. మడ్డి తీశాను. పాకం ముదిరే వేళకు మాత్రం “నీకు తెల్వది, జరుగు” అనేవాడివి. జరిగేదాన్ని. ముద్దలు చల్లారాక బుట్టలో సర్దుకుని నీ వెనక సంగమానికి వచ్చేదాన్ని. అక్కడ అందరూ నిన్ను మెచ్చుకుంటుంటే, బుట్ట పట్టుకుని పక్కన నిలబడేదాన్ని. నాకూ బాగానే ఉండేది, అబద్ధం ఎందుకు.

ఏడాది నిండకుండా అట్లా తిరగొచ్చా అని నలుగురూ అడిగారు. సంగమానికి కాకపోతే ఇంకెక్కడికి పోవాలి అని నేనడిగాను.

నీ దగ్గర మంట చూసుకున్న పోశెట్టిని పిలిపించాను. వచ్చాడు. “మంట సంగతి నాకిడువు వదినె. పాకం సంగతి నన్నడగకు. అన్న దించుమంటె దించినం, గంతే” అన్నాడు. ఇద్దరం కలిసి కడాయి తిరగేసి, బూడిదతో తోమాం. అది మళ్లీ తళతళమంటుంటే పోశెట్టి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చెమటో, ఏమిటో మరి.

మొదటి కడాయి మాడింది. దాచడం ఎందుకు, బొగ్గయింది. ఇంకాసేపు, ఇంకాసేపు అని ఆగి ఆగి మాడబెట్టాను. నాలుక మీద పెట్టుకుంటే వేపాకు నయం. ఆ కడాయిని నాలుగు తిట్టాను. నిన్ను కూడా రెండు తిట్టాను. వినబడిందా?

ఇక మడిలో మిగిలింది ఒక్క కడాయికి సరిపడా చెరుకే. దిండీ అప్పటికి ధర్మాబాద్ దాటిందని కబురు వచ్చింది. ఇది కూడా పోతే మాస్టరు సాబు దగ్గర తలెత్తుకోవడం ఎట్లా? తల సంగతి అట్లా ఉంచు, నీ ఎదురు బెల్లం అంతటితో సరి.

రెండోసారి మంట పెట్టాక, నువ్వు ఎప్పుడూ చెప్పే మాట గుర్తు చేసుకున్నాను. “పాకం కండ్లతోని సూసేది కాదే, చెవులతోని ఇనేది. ఉడుకుడు సప్పుడు మారుతది.” చెవి ఒగ్గి కూర్చున్నాను. విన్నాను... విన్నాను... కుతకుత తప్ప ఏమీ వినబడలేదు. మధ్యలో పోశెట్టి దగ్గు. నిజం చెప్పు, నువ్వు నిజంగానే వినేవాడివా? లేక నన్ను అవతలికి పంపడానికి కల్పించిన మాటా?

అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. మనింట్లో అరిసెలకు పాకం పట్టేది ఎవరు? నువ్వు ఒకటి నోట్లో ఉండగానే ఇంకొకటి చేతిలోకి తీసుకునేది ఎవరి పాకం చూసి? నాకు చెవులు లేకపోతే వేళ్లున్నాయి కదా. గిన్నెలో చల్లటి నీళ్లు తెచ్చుకుని పక్కన పెట్టుకున్నాను. గరిటెతో చుక్క తీసి నీళ్లలో వేశాను. చెదిరిపోయింది. కాసేపాగి మళ్లీ వేశాను. జిగటగా వేలికి అంటుకుంది. అరిసెల పాకమైతే అక్కడ దించేదాన్ని. ఇది ముద్ద కట్టాలి కాబట్టి ఇంకొంచెం ముదరనిచ్చాను. మళ్లీ వేసి వేళ్ల మధ్య తిప్పితే ఉండ నిలబడింది. గిన్నె అంచుకు కొడితే టక్కుమంది. దించమని ఎంత గట్టిగా అరిచానో, పోశెట్టి ఎగిరిపడ్డాడు.

ముద్ద కట్టింది! నీ బెల్లం లాగా కాదు. నీది పసుపు కొమ్ము రంగులో ఉండేది, కొడితే గానీ విరిగేది కాదు. నాది కాస్త నలుపు. వేలితో నొక్కితే లొత్త పడేంత మెత్తన. అయినా బెల్లమే. నోట్లో వేసుకున్నాను. ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

బండి కట్టించుకుని రెంజల్ మీదుగా పొద్దున్నే సంగమానికి చేరాను. ఆ రోజు కూర్చోవడానికి తీరిక దొరకలేదు. ముందు తాళాల చప్పుడు, తర్వాత జెండాలు, ఆ తర్వాత మనుషులు. ఎంత మంది! కాళ్లు పగిలినవాళ్లు, గొంతు పోయినవాళ్లు, సంగమం కనబడగానే దారిలోనే చతికిలబడినవాళ్లు. తన గుంపు ఎటుపోయిందో తెలియక ఏడ్చే ముసలాయన్ని పట్టుకొచ్చి కూర్చోబెట్టాను. అంగట్లో నేర్చిన నా మరాఠీ చాలానే పనికొచ్చింది. మాస్టరు సాబు షర్బతు కూడా బాగానే ఖాళీ అయింది, ఆయన్ని చిన్నబుచ్చను. కానీ బెల్లం బల్ల దగ్గర వరస తెగలేదు.

గోడాయి కూడా వచ్చింది. గుర్తుందా? మొదటి ఏడు ఆ ముసలామె నీ బెల్లం తిని “గోడ్, గోడ్” అంటే, తియ్యగుందంటోందని తెలియక, ఆనుకోవడానికి గోడ అడుగుతోందనుకుని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి గోడ దగ్గర కూర్చోబెట్టావు. ఆమె కూడా మర్యాదగా కూర్చుంది! అప్పటి నుంచి మనకు ఆమె గోడాయే. అసలు పేరు మనం ఎప్పుడైనా అడిగామా?

ఈసారి ఇంకా వంగిపోయింది. బెల్లం నోట్లో వేసుకుంది. నమలడం ఆపింది. నా మొహంలోకి చూసి, “హా హాత్ వేగళా” అంది. ఈ చెయ్యి వేరు అని. అప్పటిదాకా ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేనే చెప్పాల్సి వచ్చింది. మరాఠీలో ఆ మాట ఎట్లా చెప్పాలో తెలుసు గానీ నోరు రాలేదు. పైకి చెయ్యి చూపించాను. అర్థమైంది.

ఆమె ఏడవలేదు. “మావులీ” అని వంగి నా కాళ్లు ముట్టుకుంది. నా తల్లి వయసు మనిషి! వెనక్కి జరగబోతే వదల్లేదు. వాళ్లలో చిన్నా పెద్దా లేదు కదా... ఎదుట ఉన్నది ఎవరైనా తల్లే. తర్వాత మిగిలిన ముక్క కూడా తిని, ఇంకొకటి అడిగి తీసుకుంది. నేను నీళ్ల కుండల వెనక్కి పోయి ఏడ్చాను. చాలాసేపే ఏడ్చాను. నువ్వు పోయిన రోజున కూడా అంత ఏడవలేదేమో. తర్వాత ఆ కుండలోనే నీళ్లు ముంచుకుని మొహం కడుక్కుని బల్ల దగ్గరికి వచ్చాను. వరస అట్లాగే ఉంది మరి.

మధ్యాహ్నం భోజనాలకు ముందు కరీం భాయి మైకు సర్దుకున్నాడు. నీళ్లు ఎవరివి, వంట ఎవరిది, కట్టెలు ఎవరివి, అన్నీ ప్రతి ఏడూ చదువుతాడు కదా. చివర్లో ఎదురు బెల్లం ఎవరి చేతిదో చెబుతాడు. దాని కోసం నువ్వు ఎక్కడున్నా పని ఆపి చెవి ఒగ్గేవాడివి. నాకేం తెలియదనుకున్నావా? నీ పేరు మైకులో వస్తే మీసం కింద నవ్వు దాచుకోవడం నేను ఎన్నిసార్లు చూడలేదు!

కరీం భాయి నా దగ్గరికి వచ్చాడు. నేను నీ పేరు నోటితో అననని అతనికి తెలుసు. పెళ్లినాడు గడప దగ్గర ఆడబిడ్డలు అడ్డం నిలబడితే అన్నదే, మళ్లీ ఎన్నడూ అనలేదు. ఈ ఉత్తరం మీద కూడా రాయలేదు చూడు. అందుకని అతనే అన్నాడు.

“నువ్వేం అనకు వదినా. అన్న పేరు నాకు యాదికున్నది. ఎప్పటి లెక్కనే నేనే చెప్త.”

రెండడుగులు వేశాడు కూడా. అతన్ని అట్లా పోనిస్తే సరిపోయేది. నలుగురూ అయ్యో అనేవాళ్లు, నీ పేరు వినబడేది, నాకూ కడుపు నిండేది. కానీ నా కళ్ల ముందు ఆ మాడిన కడాయి మెదిలింది. చల్లటి నీళ్ల గిన్నె మెదిలింది. వేళ్లకు పాకం కాలిన మచ్చలు ఇంకా ఉన్నాయి. గోడాయి ఒక్క ముక్కతో పట్టేసింది కదా, ఇది నీ చెయ్యి కాదని! ఆమెకు తెలిసిన మాట మైకుకు తెలియకపోతే ఎట్లా?

“ఆగు భాయీ” అన్నాను. “గీ బెల్లం సాయవ్వ చేసింది. గట్లనే చెప్పు.”

అతను మాస్టరు సాబు వైపు చూశాడు. మాస్టరు సాబు తల ఊపాడు. కరీం భాయి మైకు పట్టుకుని తెలుగులో చెప్పాడు, ఉర్దూలో చెప్పాడు, తనకొచ్చిన మరాఠీలో కూడా చెప్పాడు. వరసలో ఉన్నవాళ్లు సాయవ్వ అంటే ఎవరని అటూ ఇటూ చూశారు. నేనే అని చెయ్యెత్తాను.

మూల మడిలో మళ్లీ చెరుకు పెడుతున్నాను. పోశెట్టి ఒప్పుకున్నాడు. వచ్చే మాఘానికి కూడా ఎదురు బెల్లం ఉంటుంది, అది నాదే ఉంటుంది.

నీ పేరు వినబడలేదని కోపమొచ్చిందా? రావాలి. ఆ మాత్రం కోపం రాకపోతే నువ్వు నువ్వే కావు. వస్తే ఊరికే అక్కడ మూతి ముడుచుకుని కూర్చోకు. వచ్చి నన్ను అడుగు. ఒక్కసారి... వచ్చి అడుగు.

సాయవ్వ