ఆక్సిల్‌కు పసుపు

12-10-2006
మా ఓంప్రకాష్ సొంత దుకాణం తెరిచిండు. మేముండే ఉధ్నాల, పెద్ద రోడ్డుకే. ఏండ్లకేండ్లు లూములు నడిపినోని కొడుకు ఇయ్యాల సేఠ్ అయిండు. నా సంతోషం రాయవశం కాదు.

బండ్ల బోల్టులకు, నట్లకు అరిగిన చూడీలు, అంటే మర గాట్లు, మళ్ల కోసే పని. బోణీ మా అల్లుడు రాజనర్సు బండి. వెనక చక్రం ఆక్సిల్ చూడీలు చెడి నట్టు నిలుస్తలేదు. ఓంప్రకాష్ కొత్తగ కోసి, కిరోసిన్‌తో కడిగి, నట్టు నీ చేత్తో ఎక్కియ్యి బాపూ అని చాయ్ తేవడానికి పోయిండు. నాకు కండ్లల్ల నీళ్లు. దసరకు లూముకు పూసినట్టే చూడీల నిండ తడి పసుపు పూసి, కుంకుమ పెట్టి, నట్టు బలంగ బిగిచ్చిన. అల్లుడు, మా బిడ్డ కరుణ ఆ బండి మీదనే వాళ్ల ఊరు కిమ్ పోయిండ్రు. కరుణకు అయిదో నెల.

13-10-2006, పొద్దున
పసుపు గిన్నె ఖాళీగ కనబడితే ఓంప్రకాష్ అడిగిండు. సంబురంగ చెప్పిన. వాని మొఖం తెల్లబోయింది. చూడీలల్ల చెత్త ఉంటే నట్టు బిగిసినట్టే అనిపిస్తదట, బిగియదట. పసుపు ఎండి రాలితే నట్టు వదులైతదట. చక్రమే ఊడొచ్చట.

ఇయ్యాల అల్లుడు కరుణను దవాఖానకు తీస్కపోతనన్నడు. ఆ బండి మీదనే. అల్లుని మొబైల్ స్విచ్ఛాఫ్.

11 గంటలు
ఓంప్రకాష్ కిమ్ బస్సెక్కిండు. నీకు పసుపు పూయ గడపలు కరువైనయా అని మా ఇంటామె లలితమ్మ తిట్టింది. తర్వాత దేవుని ముందల కూసున్నది.

2 గంటలు
ఫోన్ రాలే. రోడ్డు మీద ఏ బండి బ్రేకేసినా బయటికి ఉరికి చూస్తున్న.

సాయంత్రం
ఓంప్రకాష్ ఫోన్ చేసిండు. దవాఖాన నుంచి మళ్లేటప్పుడు చక్రం ఊగుతున్నదని కరుణ ఆపమన్నదట. నీ బరువుకే ఊగుతున్నదని అల్లుడు నవ్విండట. కరుణ వినలేదట, దిగి నడుస్తనని మొండికేసిందట. చూస్తే నట్టు వేలితోనే తిరిగిందట, లోపలంత పసుపు పొడట. ఓంప్రకాష్ దవాఖాన తొవ్వల వెతుక్కుంట పోయేసరికి ఇద్దరు చెట్టుకింద నిలబడి నన్నే తిడుతున్నరట. కడిగి, సాఫ్ చేసి బిగిచ్చిండు. కడుపుల బిడ్డ మంచిగున్నదని డాక్టరమ్మ చెప్పిందట.

నేను ఫోన్ పట్టుకొని ఏడ్చిన.

14-10-2006
నిన్నటి సంగతి చెప్పవలసినోళ్లు:
అక్క నర్సవ్వ.
బావ సోమలింగం.
లలితమ్మ తమ్ముడు మొండయ్య.
వియ్యంకుడు, అల్లుని నాయిన ఆగయ్య. ఈయనకు పసుపు సంగతి లలితమ్మ చెప్తదట. నన్ను పక్కన నిలబడుమన్నది.