ముత్యం అనే మేక విషయమై నాచారం ఎలిజబెత్ రాసిన వీలునామా

నాచారం నివాసిని, కీర్తిశేషులు సామ్యేలు గారి కుమార్తెను, ఉప్పల్‌లోని పన్నెండు మంచాల దవాఖానలో ఇరవై ఆరేళ్లు నర్సుగా పనిచేసి విరమించిన ఎలిజబెత్ అనే నేను, అరవై మూడో ఏట, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తో నేనే రాసుకున్న మరణశాసనం ఇది. గుండె బలహీనపడిందని డాక్టరు గారు చెప్పారు. బుద్ధికి ఏ లోటూ లేదు. ఇంతకు ముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. దీన్ని అమలు జరిపే బాధ్యత నా అన్న కొడుకు అబ్రహాంకు అప్పగిస్తున్నాను.

1. నా స్వార్జితమైన రెండు గదుల పెంకుటిల్లు నా తదనంతరం అబ్రహాంకు సర్వహక్కులతో చెందుతుంది. ఇంటి వెనుక పెరడు మాత్రం చెందదు. కారణం కింద రాశాను. చదివాక కోపం వస్తే తెచ్చుకో నాయనా, కాని పెరడు జోలికి పోవద్దు.

2. నా చేతి గడియారం అరుణకుమారికి ఇవ్వాలి. 1966లో ఈ పిల్లకు ఎనిమిదేళ్లు. గోడ మీంచి పడి తొడ ఎముక విరిగి, రెండు నెలలు మా వార్డులో ఉంది. సూది కనబడితే చాలు, ఊపిరి బిగబట్టి ఏడ్చేది. నేను ఎంత బుజ్జగించినా వినేది కాదు. మా ఆయా పాపమ్మ వెంట ముత్యం అని ఒక తెల్లమేక తిరిగేది. తల్లి చచ్చిన మేకపిల్లను పాపమ్మ దవాఖాన వెనుక తన రేకుల గదిలో సాకింది. అది వచ్చి మంచం పక్కన నిలబడితే అరుణ దాని చెవి పట్టుకుని, "సిస్టర్, గిప్పుడు పొడువు" అని నాకే హుకుం ఇచ్చేది. ఇప్పుడు తను నర్సు ట్రైనింగులో ఉంది. గడియారానికి రోజూ పొద్దున్నే కీ ఇవ్వాలని చెప్పండి.

3. నల్ల అట్ట నోటుబుక్కు మా దవాఖాన డాక్టరు వెంకటరామయ్య గారికి చెందుతుంది. మేక వార్డులోకి రావడం వల్ల రోగులకు చెరుపు జరుగుతోందని రుజువు చేయడానికి దాన్ని మొదలుపెట్టాను. మేక రాకముందు నాడి, వచ్చాక నాడి రాసేదాన్ని. మిషన్లో చెయ్యి నలిగిన నర్సయ్యకు ముప్పై ఏళ్లు. కట్టు విప్పబోతే నాడి నూట ఇరవై కొట్టుకునేది. రెండో చేత్తో మేక మెడ గోకుతూ కూర్చుంటే తొంభైకి దిగేది. ఒకరోజు మేక లేనప్పుడు ఆ చెయ్యి నేను పట్టుకుని చూశాను. నూట ఇరవై నాలుగు. ఆ అంకె రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

అందరూ "పాపమ్మ మేక, పాపమ్మ మేక" అనేవారు. ఇంటికి వెళ్లేటప్పుడు రోగులు నాకు నమస్కారం పెట్టి, మేకను ముద్దు పెట్టుకునేవారు. నేను పెళ్లి చేసుకోలేదు. ఆ వార్డే నా ఇల్లు. నా ఇంట్లో నాకంటే ఒక మేక ఎక్కువైంది.

4. ఈ క్లాజు ఆస్తి గురించి కాదు. 1966లో పాపమ్మ తన చెల్లెలి కాన్పు కోసం రెండు రోజులు నాగారం పోయింది. ఆ మొదటి రోజే నేను ముత్యాన్ని తోలించి, అన్నోజిగూడలో మేకలు పెంచే పాండురంగకు ఊరికే ఇచ్చేశాను. కోయమని చెప్పలేదు. కోయవద్దని కూడా చెప్పలేదు. పాపమ్మ తిరిగొచ్చి మౌలాలి గుట్ట దాకా పిలుచుకుంటూ తిరిగింది. వారం రోజులు అన్నం సరిగా తినలేదు. నేను చూస్తూ ఊరుకున్నాను.

అప్పుడు వార్డులో నరసింహమూర్తి గారని డెబ్బై దాటిన పెద్దాయన ఉండేవారు. కాకినాడ మనిషి, రక్తపోటు. మేకను "ఆవిడ" అనేవారు. మేక పోయిన తొమ్మిదో రోజు సాయంత్రం, చెయ్యి మంచం కిందికి వేలాడేసి, "ఆవిడ రాలేదా?" అని అడిగారు. "వచ్చానండీ" అని దగ్గరకు వెళ్లాను. నా ముఖం చూసి, "మీరు కాదమ్మా" అన్నారు.

మర్నాడు తెల్లవారుతుండగా ఆయన పోయారు. మేక ఉంటే బతికేవారని నేను అనను, నర్సును కదా. కాని ఆ చెయ్యి ఖాళీగా పోవడానికి కారణం నేనే.

ఆ రోజే బస్సెక్కి వెళ్లి, పాండురంగను బతిమాలి ముత్యాన్ని తెచ్చాను. తోవలో దొరికిందని అబద్ధం చెప్పాను. పాపమ్మ నా చేతులు కళ్లకద్దుకుంది. డాక్టరు గారు అందరి ముందూ మెచ్చుకున్నారు. ఆ మెప్పును తొమ్మిదేళ్లు దాచుకున్నాను. నిజం రాస్తున్నాను కాబట్టి ఇదీ రాస్తున్నాను: నాకు ఇప్పటికీ ఆ మేక మీద అసూయే.

5. ముత్యం చనిపోయి మూడేళ్లయింది. దాని మనవరాలు ఇప్పుడు వార్డులో తిరుగుతోంది. కొత్త వార్డు కోసం పాపమ్మ రేకుల గది కూలుస్తున్నారు. కనుక నా తదనంతరం పెరడూ, అందులోని కొట్టమూ పాపమ్మకు, ఆమె మేకలకు చెందుతాయి.

సంతకానికి ముందు చేర్చిన మాట: పై క్లాజులన్నీ ఈ రోజు పాపమ్మను కూర్చోబెట్టి చదివి వినిపించాను. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. "నాకెరుకే సిస్టరమ్మా" అన్నది. "తప్పిపోయిన మేక మెడల కొత్త తాడెవరు కడ్తరు?"

మరి ఇన్నేళ్లు ఎందుకు అడగలేదన్నాను.

"అడిగితె మళ్ల తోలిస్తవని భయమైంది. అందుకే ఆనాడు నీ చేతులు కండ్లకద్దుకున్న" అన్నది.

నేనది కృతజ్ఞత అనుకున్నాను. కాబట్టి అయిదో క్లాజులో "నా తదనంతరం" అన్న మాటను కొట్టివేస్తున్నాను. నా చావు కోసం పాపమ్మ ఎదురు చూడనక్కర లేదు. పెరటి తలుపు తాళంచెవి ఆమె చేతిలో పెట్టాను. మేకను సాయంత్రమే తోలుకొచ్చింది. ఇది రాస్తుంటే అది నా చీర కొంగు నములుతోంది. నేను లాక్కోలేదు.

నాచారం, 1975 నవంబరు 11.

(సం.) ఎలిజబెత్

నా ఎదుట, నేను చూస్తుండగా సంతకం చేసిన సాక్షులు:
చిదంబరం, ఉపాధ్యాయుడు, ఉప్పల్
విక్టోరియా, పక్కింటి నివాసి, నాచారం