తింజాన్ నాటి తలంటు

ఏప్రిల్ 14

రొయ్యల గుంటల కాడ మేత చల్లి ఇంటికొచ్చేసరికి పెరట్లో నవ్వులు. అత్త నవ్వుతోంది — నోరు తెరిచి. ఈ ఇంటికొచ్చి ఇరవై ఏళ్ళు దాటింది, ఆ నవ్వు నేనెప్పుడూ చూడలేదు.

పీట మీద కూర్చుని ఉంది. వెనకాల లత, మోచేతుల దాకా శీకాయ నురగ. మా మరిది పెళ్ళాం. వచ్చి ఏడాది కూడా కాలేదు.

"అక్కా, ఇయ్యాల తింజాన్. బర్మావాళ్ళ కొత్త సంవత్సరం. ఇయ్యాల పెద్దోళ్ళకి తల కడిగితే పుణ్యం."

మద్రాసులో బర్మా నుంచి వచ్చినోళ్ళ కాలనీలో పెరిగిన పిల్ల. వాళ్ళ నాయనమ్మ ఇవన్నీ జరిపేదంట. అత్త కూడా రంగూన్‌లో పుట్టిందే. చిన్నప్పుడే ఓడెక్కించి తీసుకొచ్చేశారు. నాకు తెలిసింది అంతే. అంతకుమించి నాతో ఎప్పుడూ చెప్పలేదు.

కడగడం అయినాక అత్త లత నెత్తి మీద చెయ్యి పెట్టి బర్మా మాటల్లో ఏదో దీవించింది. ఎడమచెయ్యి. కుడిది పైకి లేవదు ఆమెకి. అందుకే గదా ప్రతి శుక్రవారం ఆ తల నేను కడిగేది...

నాతో అన్నది ఒకటే — "ఆ తువ్వాలు ఇట్టా అందియ్యి రాజీ."

అందించాను.


ఏప్రిల్ 19

శుక్రవారం. అత్త పిలిచింది. గుంటల కాడ పనుందని పోయాను. పనేం లేదు. గట్టు మీద కూర్చున్నాను.

లత పోసిందంట. సాయంత్రం అత్త ఒకటే గోక్కుంటోంది — చెవుల వెనక శీకాయ పిప్పి అట్టాగే ఉంది. లతను ఒక్క మాట అనలేదు. అదే నేను పోసేటప్పుడు కంట్లో చుక్క పడితే ఇల్లు ఎగిరిపోయేది.

తృప్తిగా ఉంది నాకు. రాసుకోవాలంటే సిగ్గు. అయినా ఉంది.


ఏప్రిల్ 26

మళ్ళీ నేనే పోశాను. చెవుల వెనక పిప్పి లేకుండా కడిగాను.


మే 23

పౌర్ణమి. ఇయ్యాల రావిచెట్టుకి నీళ్ళు పొయ్యాలంట, బుద్ధుడు దాని కిందే కూర్చున్నాడని. చెట్టెక్కడిది? లత ఖాళీ పెయింటు డబ్బాలో మొక్క నాటింది. జానెడు మొక్క. దానికి ఇద్దరూ చెంబులు పట్టుకుని.

అత్త చెబుతోంది — ఆడోళ్ళు కుండలు నెత్తిన పెట్టుకుని వరసగా పోయేవాళ్ళంట. వాళ్ళమ్మ కొంగు పట్టుకుని తనూ పోయేదంట. దారిలో కాలు జారి పడితే ఎవరో బర్మా ఆమె ఎత్తుకుని మొహానికి చందనం లాంటిది పూసిందంట. లత "అవునా అత్తమ్మా, అవునా" అంటోంది. నేను గడపలో నిలబడి విన్నాను.

నన్ను చూసి ఆపేసింది.

"రాజీ, మోటరేస్తావా? నీళ్ళు చాలలా."

వేశాను. ఆ పండగలో నా వంతు మోటరు.


జులై 21

మరిదికి మద్రాసులో ఉద్యోగం కుదిరింది. ఇల్లు కూడా చూసినారు. అత్తను తీసుకుపోతామంటున్నారు. చెయ్యి చూపిస్తారంట, అక్కడ మంచి డాక్టర్లున్నారంట.

అత్త అన్నది — "ఈ పున్నమి నించి మూడు నెలలు బుద్ధుడి సాములు మఠం దాటరు. ఇల్లు మారకూడదు, పెళ్ళిళ్ళు చెయ్యకూడదు. బర్మా దీపాల పండగ కానీండి."

రానని మాత్రం అనలేదు.

ఈయన అన్నం తింటూ, "పోనీలేమే. నీకూ కొంచెం తెరిపి."

"నాకు తెరిపి కావాలని మీతో అన్నానా?"

"ఏందిమే, మంచి చెప్పినా కోపమే!"

పెరుగు వెయ్యకుండానే లేచి వచ్చేశాను.


ఆగస్టు 9

శుక్రవారం. తలంటేటప్పుడు అడుగుదామనుకున్నా — పోతున్నావా అత్తా, అని. నీళ్ళు వేడిగా ఉన్నాయా అని అడిగాను.


అక్టోబరు 17

ఆ దీపాల పండగ వచ్చింది. ప్రహరీ మీద దీపాలు, మెట్ల మీద దీపాలు. లత గుంట గట్టు మీద కూడా కొవ్వొత్తులు పెట్టింది. చూసేదానికి బాగుంది. నీళ్ళల్లో వెలుగు.

వీళ్ళ పద్ధతి ఒకటుంది. దీపాలు పెట్టినాక చిన్నోళ్ళు పెద్దోళ్ళ ముందు మోకాళ్ళ మీద కూర్చుని దణ్ణం పెట్టి, ఏడాదిలో చేసిన తప్పులు మన్నించమంటారు. పెద్దోళ్ళు మన్నించి దీవిస్తారు. లత, మరిది పెట్టినారు. ఈయన కూడా తుండు సర్దుకుని నవ్వుతూ పెట్టినాడు. "చిన్నప్పుడు నీ గాజు పగలగొట్టింది నేనేనమ్మా" అంటే అత్త, "తెలుసులేరా" అంది. అందరూ నవ్వులు.

తర్వాత అత్త నా వంక చూసింది. "రాజీ, నువ్వు రాలా?"

"గాలికి దీపాలు ఆరిపోతున్నాయత్తా. వెలిగించి వస్తా."

సముద్రపు గాలి. నిజంగానే ఆరిపోతున్నాయి. ఒకటి వెలిగిస్తే ఇంకోటి. గట్టు చివరిదాకా పోయాను. వెనక్కి వచ్చేసరికి ఆమె లోపలికి పోయి పడుకుంది.

నేనేం తప్పు చేశానని?


అక్టోబరు 27

పోయినారు. కారులో ముందు సీటు అత్తకి. రావిమొక్క డబ్బా లత ఒళ్ళో. "అక్కా, మీరూ రావాల మా ఇంటికి" — లత. అత్త, "శీకాయ డబ్బా పైఅరలో పెట్టినా, పురుగు పట్టకుండా చూడు" అంది. అంతే.


నవంబరు 1

శుక్రవారం. తెల్లారి లేచి నీళ్ళు కాగబెట్టాను. కాగినాక గుర్తొచ్చింది.

ఈయన చూసినాడు. ఆ నీళ్ళు ఆయనే పోసుకున్నాడు.


నవంబరు 15

లత వీడియో కాల్. సాములకి ఇచ్చే గుడ్డలు బర్మాలో ఒక్క రాత్రిలో నేసేవాళ్ళంట, ఈ పౌర్ణమికి. నేయలేం గాబట్టి కొని ఇచ్చొచ్చినారంట. అత్త వెనకాల కుర్చీలో. జుట్టు క్లిప్పు పెట్టి ముడేసి ఉంది. నూనె లేదు.

"అన్నం తిన్నావా రాజీ?"

"తిన్నానత్తా."

తల ఎవరు పోస్తున్నారని అడగలేదు.


డిసెంబరు 3

వాన. గుంటల్లో నీళ్ళు గట్టు దాకా వచ్చినాయి. ఇంకేం లేదు.


ఫిబ్రవరి 12

మరిది పని మీద నెల్లూరొచ్చి ఇంటికొచ్చినాడు. స్టీలు డబ్బా ఇచ్చినాడు. బంకబియ్యం, నువ్వులు, వేరుసెనగలు, కొబ్బరి, అల్లం — అన్నీ పెద్ద మూకుట్లో వేసి తెడ్లతో కుమ్మేదంట. ఈ నెల పండగ వంట. "మగోళ్ళే కలపాలంట వొదినా. నా భుజాలు పడిపోయినాయి. అమ్మ పక్కన కూర్చుని ఒకటే తిట్లు, అడుగంటుతోందిరా అని."

అత్త గొంతు వినిపించినట్టయింది.

వాడు పోయేదాకా మూత తియ్యలేదు. తర్వాత తిన్నాను. బాగుంది. అదే నా కోపం.


మార్చి 29

తింజాన్‌కి వస్తున్నారంట. శీకాయ ఎండబెట్టాను. పురుగు పట్టలేదు.


ఏప్రిల్ 13

వచ్చినారు. అత్త చిక్కింది. చెయ్యి అట్టాగే ఉంది.

సాయంత్రం చిక్కుళ్ళు ఒలుస్తుంటే పక్కనొచ్చి కూర్చుంది. ఏడాదిగా గొంతులో ఉన్న మాట బయటికొచ్చింది.

"పోయినేడు నన్నెందుకు పిలవలా అత్తా? తల కడిగేదానికి."

చిక్కుడుకాయ ఈనె తీస్తూ, "ప్రతి వారం పోసేదానివి, నీకు పండగేంది? ఆ పిల్లకి ఒక్క రోజన్నా పుణ్యం దక్కనీ అనుకున్నా."

నిజమో, అప్పటికప్పుడు అల్లి చెప్పిందో. మొహం చూస్తే తెలియలేదు. పుచ్చు గింజలు ఏరి పక్కన పెడుతోంది.


ఏప్రిల్ 14

గుంటల కాడికి పొద్దున్నే పోదామనుకున్నాను. పోలేదు.

అత్త పీట మీద కూర్చుంది, కళ్ళు మూసుకుని. లత చెంబు ముంచి నా వైపు చాపింది. "అక్కా, మీరు పొయ్యండి."

ఇచ్చేదానికి ఇదెవరు? ఏళ్ళ తరబడి నా చేతిలో ఉన్న చెంబు.

"ఎవురో ఒకరు పొయ్యండిమే, జుట్టు విప్పి కూర్చోబెట్టినారు" — అత్త.

తీసుకున్నాను. అలవాటు ప్రకారం ఎడమచెయ్యి ఆమె కుడి రెక్క కింద పెట్టాను. కళ్ళు తెరవలేదు. ఆ చెయ్యి బరువంతా నా చేతి మీద వదిలేసింది. చెవుల వెనక బాగా కడిగాను.

అయినాక ఎడమచేత్తో నా నెత్తి తడిమి బర్మా మాటల్లో ఏదో అన్నది. నిరుడు లతకి అన్నంత పొడుగు లేదు. లేదా ఉందేమో, నాకు అర్థం కాక చిన్నదనిపించిందేమో.

లత అక్కడే ఉంది, తువ్వాలు పట్టుకుని. దానికి అర్థమయింది. నవ్వుతోంది కూడా.

అడిగితే చెబుతుంది. అడగను.