పద్నాలుగో గడి

పూజ్యులైన బావగారికి, మీ బావమరిది నమస్కరించి రాసేది.

మేమంతా క్షేమం. అంటే, ఈ ఉత్తరం రాసే నిమిషానికి. పక్క దేశంవాడు ఏటి అవతల ఫిరంగులు తెచ్చి వరసగా నిలబెట్టాడు. మా విదేశాంగ శాఖ కిటికీలోంచి పదకొండు కనబడుతున్నాయి. పన్నెండోదానికి కింది కుట్టుషాపు బోర్డు అడ్డం. శాఖ అంటే తెలుసుగా, మంత్రిగారు, నేను, ఒక బీరువా. ఆయన పొద్దున పశువుల డాక్టరు, మధ్యాహ్నం మంత్రి.

మా జోలికి ఎవడొచ్చినా మీ అణుబాంబులు అడ్డు వేస్తామని మీ పెద్ద దేశం మాకు మాటిచ్చింది. మొన్న మీ కొత్త అధ్యక్షుడు "ఎవరి ఇల్లు వాళ్ళే కాచుకోవాలి" అన్నాడట. మాట ఉన్నట్టా, లేనట్టా? మీరు ఆ రక్షణ విభాగంలోనే పెద్ద గుమాస్తా కదా, దాచకుండా చెప్పండి. పిల్లల బడి ఏటి ఒడ్డునే ఉంది. నాకు నిజంగా భయంగా ఉంది.

ఇట్లు, మీ బావమరిది.

తా.క.: అక్కకి ఇవేమీ చెప్పకండి.

⁂

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

మాటకేం, నిక్షేపంలా ఉంది. కాకపోతే పునఃపరిశీలనలో ఉంది. ప్రభుత్వం మారినప్పుడల్లా మిత్రులందరూ మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి. నిన్నటి మిత్రులు ముగ్గురు ఇవాళ శత్రువుల జాబితాలో ఉన్నారు. నిన్నటి శత్రువొకడు మా పై అధికారి గదిలో కాఫీ తాగుతున్నాడు. ఫారం జత చేశాను. గడులన్నీ నింపి పంపు.

ఇట్లు, బావ.

తా.క.: నీ ఉత్తరం మీ అక్క నాకంటే ముందే విప్పి చదివింది.

⁂

పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

పదమూడు గడులు నల్లేరు మీద బండిలా సాగాయి. పద్నాలుగో దగ్గర ఆగాను. "మీ కోసం మేము బాంబు వేస్తే, బదులుగా శత్రువు మా నగరమొకటి మట్టిలో కలపవచ్చు. ఏ నగరమైతే మీకు సమ్మతం?" మంత్రిగారు దూడకి మందు పోస్తూ, "నిజం రాయవయ్యా, పెద్దవాళ్ళ దగ్గర దాపరికమేంటి?" అన్నారు. మీ దేశంలో నాకు తెలిసిన ఊరు మీదొక్కటే. అదే రాశాను. ముక్కూ మొహం తెలియనివాళ్ళ ఊరు రాయడానికి మనసొప్పలేదు.

ఇట్లు, మీ బావమరిది.

తా.క.: వీధి, ఇంటి నంబరు అడగలేదు గానీ, తెలుసు కాబట్టి రాసేశాను.

⁂

బావమరిదికి. చిరంజీవి అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఒరే, ఆ గడి ఎవరైనా నింపుతారట్రా! నలభై ఏళ్ళుగా అందరూ దాన్ని ఖాళీగా వదిలేస్తారు, మేము చూడనట్టు ముద్ర కొట్టేస్తాం. ఆ ఖాళీ మీదే ప్రపంచం నడుస్తోంది. మా పై అధికారి "నేనిక్కడే ఇల్లు కడుతున్నాను" అని మా ఊరు కొట్టేసి ఇంకోటి రాశాడు. అది కార్యదర్శి అత్తవారి ఊరు. ఆయన కొట్టేసి రాసింది మా మంత్రి పుట్టిన ఊరు. ఇప్పుడా గడిలో కాగితం కంటే సిరా ఎక్కువ. ఊరు తేలేదాకా మీ రక్షణ ఆపేశారు.

ఇట్లు, బావ.

తా.క.: మీ అక్క మూడు రోజులుగా నాతో మాట్లాడడం లేదు. నింపింది నువ్వు, మాడుతున్నది నేను.

⁂

పూజ్యులైన బావగారికి క్షమాపణలతో నమస్కారాలు.

రక్షణ ఆగిందని వినగానే అవతలవాడు ఫిరంగుల మీద గుడ్డలు తీసేశాడు. ఏం చెయ్యను? మీకు పడని ఆ రెండో పెద్ద దేశం రాయబారిని పిలిచాం. వాళ్ళదీ అదే ఫారం, అదే పద్నాలుగో గడి. ఖాళీగా వదిలేద్దామనుకున్నాను. రాయబారి ఎదురుగా కూర్చుని "నింపండి, నింపండి" అన్నాడు. వాళ్ళ ఊళ్ళు నాకు ఒక్కటీ తెలీదు. కంగారులో మళ్ళీ మీ ఊరే రాశాను. అతగాడు ఎంత సంబరపడ్డాడో! "మా ఊళ్ళ జోలికి రాని మొదటి మిత్రులు మీరే" అని అక్కడే సంతకం పెట్టాడు.

ఇట్లు, మీ అభాగ్య బావమరిది.

తా.క.: ఈసారి ఇంటి నంబరు రాయలేదు. అక్కతో చెప్పండి.

⁂

చిరంజీవి, ఈసారి నిజంగానే చిరంజీవి అయిన బావమరిదికి.

మా ఊరు రెండు ఒప్పందాల్లో ఉందని తెలిసి మావాళ్ళు పరుగున వెళ్ళి ఆ రెండో దేశంవాళ్ళని కలిశారు. రెండు ఫారాలూ బల్ల మీద పరిచారు. "పోనీ మీ ఊరొకటి చెప్పండి" అంటే వాళ్ళలోనూ ఎవడూ నోరు విప్పలేదట. వదులుకునేందుకు ఊరు ఎవరి దగ్గరా లేదని ఇన్నేళ్ళకి బయటపడింది. అసలు తగవే రాకుండా చూడ్డం చవకని ఇద్దరూ కలిసి ఒకే కాగితం మీద మీ పక్కవాడికి హుకుం పంపారు. ఈపాటికి ఫిరంగులు కదిలి ఉండాలి.

ఇట్లు, బావ.

తా.క.: రెండు పెద్ద దేశాలూ కలిసి కాపు కాస్తున్న ఊరు ప్రపంచంలో మీదొక్కటేనని మీ అక్క నాలుగు పెట్టెలు సర్దింది. ఆదివారం రైలుకి దిగుతోంది. నేనూ బదిలీకి పెట్టుకున్నాను.

⁂

పూజ్యులైన బావగారికి సంతోషంతో నమస్కారాలు.

ఫిరంగులు వెళ్ళిపోయాయి. కుట్టుషాపు బోర్డు పక్కకి జరిపించి మరీ చూశాను, పన్నెండోది కూడా లేదు. పిల్లలు బడికి వెళ్ళారు. చాలా రోజులకి కడుపునిండా తిన్నాను. అక్క క్షేమంగా చేరింది. వచ్చీరాగానే మా ఆవిడ వంటింట్లో డబ్బాలన్నీ చోటు మార్చింది. మీరు త్వరగా రండి.

ఇట్లు, మీ బావమరిది.

తా.క.: మా దేశంలో ఉండడానికి వచ్చేవాళ్ళు నింపాల్సిన ఫారం జత చేశాను. పద్నాలుగో గడి నేనే కలిపాను: "మీ ఆవిడకీ మా ఆవిడకీ మాటా మాటా వస్తే మీరు ఎవరి పక్షం?" ఆ ఒక్కటీ ఖాళీగా వదిలెయ్యండి. ఆదివారం నుంచి నేనూ అదే పని మీద ఉన్నాను.