ఆ పట్టికను చింపివేయవలసినదని మనవి

అక్కయ్యకు నమస్కారములు. జరిగినవి వరుసగా రాస్తున్నాను.

1. అమ్మ పోయినప్పటి నుంచి ధ్యానానికి కూర్చోవాలంటే మనసు తడిసిన గోనెసంచిలా కదలడం లేదు. అందుకని ఆయుర్వేద వైద్యుడి వద్దకు వెళ్ళాను.

2. ఏడు పుస్తకాలు చదివి నేను గీసుకున్న నలభై రోజుల యోగసాధన పట్టికను ఆయన ముందు పెట్టాను.

3. ఆయన నాడి చూసి, "పట్టిక భలే గీశారండీ! గీసిన చెయ్యి తప్ప ఒళ్ళు కదిలినట్టు లేదే?" అన్నారు.

4. నిజమే. నలభై గడుల్లోనూ ముందే టిక్కులు పెట్టుకున్నాను. కూర్చున్నది ఒక్క రోజు కూడా లేదు.

నీవు మంచం దిగలేకపోతున్నానని రాసినప్పుడు, నాకు గుణం కనిపించిందని చెప్పి ఆ పట్టికకే నకలు తీసి పంపాను. అది అబద్ధం, అక్కయ్యా. "తమ్ముడికి కుదిరింది, నాకే చేతకావట్లేదు" అని నీవు కుమిలిపోతున్నట్టు బావగారు రాశారు. ఆ ఉత్తరం చూసినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. ఆ పట్టికను వెంటనే చింపివేయి.

వైద్యుడు చెప్పినది ఇంతే: పగటి నిద్ర మానాలి, లేవగానే శొంఠి నీళ్ళు తాగాలి, మూడు సూర్యనమస్కారాలు చేయాలి. "ముందు ఒళ్ళు లేవనివ్వండి. మనసు దాని వెనకే ఈసురోమంటూ వస్తుంది" అన్నారు.

పెరటి తలుపు గడియ బాగు చేయించారా? బావగారికి నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

ఇప్పుడు ఉదయం ఆరుగంటల పది నిమిషాలు. మూడు నమస్కారాలు మొదలుపెట్టి ఒక్కటే పూర్తి చేయగలిగాను. ఇది మాత్రం నిజం.

నీ తమ్ముడు