పెన్సిల్ మందం

ఫిబ్రవరి 3, ఆదివారం

పొద్దున గరాజ్ తలుపు తీస్తే, పిల్లి అన్నయ్య మంచుబండికి తెచ్చిన కొత్త ట్రాక్, ఆ రబ్బరు పట్టా చుట్టలో దూరి నిద్రపోతోంది. ఈ ట్రాక్‌కి రబ్బరు పళ్ళు మూడంగుళాలు. పాతదానికి రెండుంపావు.

పాత పళ్ళతో అన్నయ్య స్లెడ్, అదే ఆ మోటారు మంచుబండి, హాచెట్ కొండ వాలు సగంలోనే మంచులో కూరుకుపోయేది. తిట్టుకుంటూ ఇంటికొచ్చేవాడు. ఇక కొసదాకా ఎక్కుతుందట. స్నేహితుడు వెర్న్ కాఫీకి వచ్చి, ఆ వాలు మీద ఈ ఏడాది ఇంకా ఎవరి స్లెడ్ గీతా పడలేదు, మనదే మొదటిది అన్నాడు.

ఎందుకు పడలేదో నేను అడగలేదు.

ఫిబ్రవరి 5

మంచుచరియల హెచ్చరిక మూడుకి పెరిగింది. ఐదింట్లో మూడంటే పాస్ మార్కులే కదా అన్నాడు అన్నయ్య. నిరుడు మా డాక్టరుగారి కొడుకు చరియ కింద పడి పోయింది హెచ్చరిక మూడున్న రోజునే.

ఫిబ్రవరి 6, సాయంత్రం 5

ట్రాక్ ఎక్కించాం. స్లెడ్‌ని పక్కకి పడుకోబెట్టి, పాతది లాగేసి. కొత్త రబ్బరు బిరుసు. వేళ్ళు చిట్లాయి. కాన్వెంట్ బడిలో చదివానని అన్నయ్య నన్ను మఠం పిల్లా అంటాడు. సిస్టర్లు నీకు జపమాల తిప్పడం నేర్పారు, నట్టు తిప్పడం నేర్పింది నేనేనని గుర్తుంచుకో అని వెక్కిరించాడు.

చివర్న పెన్సిల్. పళ్ళ కొసలకీ, ఇంజన్ని చల్లబరిచే పైనున్న కూలర్‌కీ మధ్య పెన్సిల్ దూరాలి. మా లోయలో అందరి కొలతా అదే. దూరకపోతే వేగం మీద పళ్ళు కూలర్‌ని కోసేస్తాయి, అందులోని ద్రవం, కూలంట్, కారిపోయి ఇంజను ఆగిపోతుంది. అలా దూరనప్పుడు ట్రాక్‌ని తిప్పే చక్రాలు తీసి చిన్నవి వెయ్యాలి. అవి షెల్ఫ్ మీదే ఉన్నాయి, గంట పని.

ఆ సందులో నా చెయ్యే పడుతుంది. దూరిందా అని అడిగాడు. దూరిందన్నాను.

ఫిబ్రవరి 9, ఉదయం 6

అన్నయ్యా వెర్నూ వెళ్ళారు.

మధ్యాహ్నం 1:30

రేడియోలో అన్నయ్య. అడవి రోడ్డులో ఏడో కిలోమీటరు దగ్గరే స్లెడ్ ఆగిపోయిందట. చుట్టూ మంచు మీద కూలంట్ పచ్చగా. నాకు ఊపిరి తిరిగింది. నవ్వొచ్చింది కూడా.

వెర్న్ ఎక్కడని అమ్మ అడిగింది. ఒక్క గీత గీసి వచ్చి నిన్ను లాక్కెళ్తా, ఇక్కడే కూర్చుని గుడ్లు పెట్టు అని ఒక్కడే పైకి వెళ్ళాడట.

4:10

వెర్న్ ఇంకా రాలేదు. అన్నయ్య నడిచి వెళ్తున్నాడు.

ఫిబ్రవరి 10

తెల్లారాక వెర్న్ శవాన్ని చరియ కింద నుంచి తవ్వి తీశారు. మీటరున్నర లోతు. పూడిపోయినవాళ్ళ జాడ పంపే బీకన్ వెర్న్ ఒంటి మీద పనిచేస్తూనే ఉందట, వినడానికి దగ్గర్లో ఎవరూ లేరు.

దేవుడే నీ స్లెడ్ ఆపాడురా అని అమ్మ కొవ్వొత్తి వెలిగించింది. అన్నయ్య గరాజ్‌లోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. పక్కనుంటే పది నిమిషాల్లో తవ్వేవాణ్ణి అంటున్నాడు, గోడతో.

ఫిబ్రవరి 13

అన్నయ్య తిండి తినడంలేదు. ఇవాళ నా గది గుమ్మంలో నిలబడి మెల్లగా అడిగాడు, పెన్సిల్ సరిగ్గానే చూశావు కదమ్మా అని. అవునని తల ఊపాను.

ఆ రోజు పెన్సిల్ దూరలేదు.